క్యాండిల్‌స్టిక్ టెలిఫోన్ల అసలు లోహపు పూతలు

నిటారుగా నిలిచే లోహపు కాడ, దాని తలమీద మాట్లాడేందుకు ట్రాన్స్‌మిటర్, పక్కనున్న కొక్కేనికి వేలాడే రిసీవర్. ఈ అమరికతో బల్లమీద కూర్చునే టెలిఫోన్‌ను క్యాండిల్‌స్టిక్ టెలిఫోన్ అంటారు. 1890ల నుంచి 1920ల చివరి వరకు అమెరికా ఇళ్లలో, కార్యాలయాల్లో దీనిదే రాజ్యం. బ్రిటన్‌లో మరికొన్నేళ్లు నడిచింది. గంట, ఇండక్షన్ కాయిల్, కండెన్సర్ ఇందులో ఉండేవి కావు. వాటిని గోడకు బిగించిన వేరే పెట్టెలో పెట్టేవారు. అందుకే బల్లమీది భాగం అంత సన్నగా, పొడుగ్గా ఉండగలిగింది.

నేడు ఈ ఫోన్ పేరు వినగానే చాలామందికి బంగారంలా మెరిసే పసుపు ఇత్తడి కళ్లముందు మెదులుతుంది. పాత వస్తువుల దుకాణాల్లో, హోటళ్ల ముందుగదుల్లో, సినిమా సెట్లలో అదే రూపం కనిపిస్తుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు వాటి మామూలు రూపం అది కాదు. వాటికి నికెల్ పూతైనా ఉండేది, నల్లపూతైనా ఉండేది. ఇత్తడి లోపలి ఒళ్లు మాత్రమే. ఆ పైపూత ఫోన్ వయసునూ, అది గడిపిన జీవితాన్నీ చెబుతుంది. దాన్ని గీకి, రుద్ది, తోమేసిన ఫోన్‌లో సగం చరిత్ర పోయినట్టే. పోయిన పూతను కొత్తగా వేయించవచ్చు గానీ తిరిగి తెచ్చుకోలేం.

తయారీదారులు, భాగాలు

అలెగ్జాండర్ గ్రాహం బెల్ మూల పేటెంట్ల గడువు 1893, 1894 సంవత్సరాల్లో ముగిసింది. దాంతో బెల్ వ్యవస్థకు బయట కొత్త కంపెనీలు బరిలోకి దిగాయి. షికాగోలో పుట్టి తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌కు తరలిన స్ట్రోంబర్గ్-కార్ల్‌సన్, షికాగోకే చెందిన కెల్లాగ్, డయల్ ఫోన్లకు పేరుబడ్డ ఆటోమేటిక్ ఎలక్ట్రిక్ వాటిలో ముఖ్యమైనవి. బెల్ వ్యవస్థకు పరికరాలు తయారుచేసింది వెస్టర్న్ ఎలక్ట్రిక్. ఆ సంస్థ మూలాలు 1869 నాటి ఒక చిన్న కార్ఖానాలో ఉన్నాయి. టెలిగ్రాఫ్ పరికరాలు చేసే ఆ కార్ఖానా క్రమంగా ఎదిగి, 1881లో బెల్ కంపెనీ చేతికి వచ్చింది. టెలిగ్రాఫ్ పరికరాల ఇత్తడిపని అలవాటైన చేతులే టెలిఫోన్ పనిలోనూ దిగాయి. క్యాండిల్‌స్టిక్ ఫోన్‌కు ఇత్తడి అంత సహజంగా ఒదిగిపోవడానికి ఇదొక కారణం.

పీఠాన్ని పలుచని ఇత్తడి రేకుతో చేసేవారు. లేత్ మీద తిప్పుతూ, అచ్చుకు ఒత్తుతూ గుండ్రంగా మలిచేవారు, లేదా ప్రెస్సులో అచ్చుకొట్టేవారు. కాడ ఇత్తడి గొట్టం. దాని తలమీద ట్రాన్స్‌మిటర్‌ను పట్టి ఉంచే చిన్న పోత ముక్క, ట్రాన్స్‌మిటర్ వెనక గిన్నె, ముందు పళ్లెం, రిసీవర్ వేలాడే కొక్కెం, ఇవన్నీ లోహమే. మౌత్‌పీస్‌నూ, రిసీవర్ తొడుగునూ గంధకంతో గట్టిపరిచిన రబ్బరుతో, అంటే ఎబొనైట్‌తో చేసేవారు. 1909లో రసాయనవేత్త బేకలండ్ తన బేకలైట్ ప్లాస్టిక్‌ను లోకానికి చాటిన తర్వాత ఆ స్థానంలోకి క్రమంగా బేకలైట్ వచ్చింది. ఫోన్ బల్లమీద గీతలు పెట్టకుండా పీఠం అడుగున ఫెల్టు గుడ్డ అతికేవారు. పూత గురించి అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం తరచు ఆ గుడ్డ వెనకే దొరుకుతుంది.

నికెల్ కాలం

నికెల్ పూతను ప్రయోగశాలలోంచి ఫ్యాక్టరీకి తెచ్చిన ఘనత ఎక్కువగా బోస్టన్‌కు చెందిన ఐజాక్ ఆడమ్స్ జూనియర్‌ది. నికెల్ అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంతో విద్యుత్తు సాయంతో పూత వేసే పద్ధతికి ఆయన 1869లో అమెరికన్ పేటెంట్ పొందాడు. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో పొయ్యిల అంచులు, సైకిల్ హ్యాండిళ్లు, వైద్యుల పరికరాలు, గుర్రపు జీను బకిల్సు అన్నీ నికెల్‌తో తెల్లగా మెరిశాయి. టెలిఫోన్ వచ్చింది సరిగ్గా ఆ మోజు నడుస్తున్న రోజుల్లోనే. ఇత్తడి నాలుగు రోజులు వదిలేస్తే మసకబారుతుంది, చేతికి వాసన అంటుతుంది. నికెల్‌ను రోజూ తోమనక్కర్లేదు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ 1890ల చివర్లో చేసిన పదో నంబరు స్టాండుకు కాడ అడుగుభాగం కుండలా ఉబ్బి ఉంటుంది. ఆ తొలితరం స్టాండ్ల మీద నికెలే కనిపిస్తుంది. స్వతంత్ర కంపెనీల స్టాండ్లు కూడా ఎక్కువగా నికెల్‌తోనే అమ్ముడుపోయాయి.

పాత నికెల్‌ను గుర్తుపట్టడానికి మొదట దాని తయారీ తెలియాలి. ఆనాటి తొట్టెలోంచి తీసిన వస్తువు అద్దంలా ఉండేది కాదు. బూడిదరంగుతో, మసకగా వచ్చేది. దాన్ని తిరిగే గుడ్డచక్రం మీద పట్టి, మెరుగుపిండి పెట్టి రుద్దితే మెరుపు వచ్చేది. ఆ పని మనిషి చేతిలో ఉండేది కనుక అంచుల దగ్గర, అక్షరాల గట్ల మీద పూత మిగతా చోట్లకంటే పలుచగా మిగిలేది. ఏళ్లు గడిచాక మొదట అక్కడే ఇత్తడి బయటపడుతుంది. 1916లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆలివర్ వాట్స్ వేగంగా పనిచేసే కొత్త నికెల్ ద్రావణాన్ని రూపొందించాడు. తర్వాతి కాలంలో ఆ ద్రావణానికి మెరుపునిచ్చే రసాయనాలు కలిపి, తొట్టెలోంచే తళతళలాడే పూత రప్పించారు. ఇప్పుడు మళ్లీ పూత వేయించిన ఫోన్లు అతిగా మెరవడానికి కారణం ఇదే. పాత నికెల్‌ది కొంచెం వెచ్చని తెలుపు, పాలలో చిటికెడు పసుపు కలిపినట్టుండే రంగు. క్రోమియంది నీలం జాడ ఉన్న చల్లని తెలుపు. క్రోమియం పూత వ్యాపార స్థాయిలో నిలదొక్కుకున్నది 1920ల మధ్యలో. కాబట్టి 1910 నాటి స్టాండు మీద క్రోమియం ఉంటే అది తర్వాత ఎవరో చేయించిన పనే.

బాగా వాడిన నికెల్ స్టాండును చేతిలోకి తీసుకుని చూడండి. ఒక చేత్తో కాడను పట్టి నోటి దగ్గరికి ఎత్తి, మరో చేత్తో రిసీవర్‌ను చెవికి ఆనించుకోవడం ఆనాటి అలవాటు. అందుకే కాడ మధ్యలో నాలుగు వేళ్లు చుట్టిన చోట నికెల్ అరిగి, లోపలి పసుపు తేలుతుంది. బొటనవేలు ఆనిన చోట అది కొంచెం ఏటవాలుగా ఉంటుంది. కొక్కెం చీలికలో రిసీవర్ పడి లేచి, పడి లేచి పూత పూర్తిగా పోయి ఉంటుంది. మౌత్‌పీస్ చుట్టూ పళ్లెం అడుగు అంచున ఊపిరి తేమ చేరి, సూదిమొనలంత గుంటలు పడి వాటి చుట్టూ పచ్చని కిలుం కనిపిస్తుంది. నికెల్ తుప్పు పట్టదు గానీ పలుచని పూతలో సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి. తేమ వాటిగుండా ఇత్తడిని చేరి, అక్కడి రాగిని కిలుం చేసి బయటికి తోస్తుంది. ఈ అరుగుదల ఎవరూ కావాలని చేసింది కాదు. అది ఉన్నచోటే ఉంటే ఆ ఫోన్‌కు నిజమైన జీవితం ఉందని అర్థం. కాడ అంతటా ఒకే తీరుగా పూత పోయి ఉంటే ఎవరో చక్రం మీద రుద్దారని అర్థం.

నలుపు ఎలా గెలిచింది

1900ల మొదటి దశాబ్దం గడిచేసరికి నలుపు ముందుకొచ్చింది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ 20వ వరుస స్టాండ్లలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. లక్షల ఫోన్లు నడిపే కంపెనీకి రోజువారీ వాడకంలో గీతలు కనిపించని, వేలిముద్రలు పట్టించుకోని, మరమ్మతుకు వచ్చినప్పుడు తేలిగ్గా మళ్లీ వేయగల పూత కావాలి. నలుపు ఆ మూడు పనులూ చేసింది. ఎబొనైట్ రిసీవర్, మౌత్‌పీస్ ఎటూ నల్లనివే. వాటి పక్కన నల్లని కాడ చక్కగా కుదిరింది కూడా.

నలుపు అంటే ఒకటే రకం కాదు. మొదటిది రసాయనంతో లోహాన్నే నల్లబరచడం. రాగి కార్బొనేట్‌ను అమ్మోనియాలో కరిగించిన ద్రావణంలో శుభ్రమైన ఇత్తడిని ముంచితే దాని పైపొర నల్లబడుతుంది. రాగి పూత వేసిన ఇత్తడికి పొటాషియం సల్ఫైడ్ లాంటి గంధకపు ద్రావణం తగిలిస్తే గోధుమరంగు నుంచి నలుపు దాకా ఛాయలు వస్తాయి. ఆ పొర చాలా పలుచన కనుక దానిమీద పారదర్శకమైన లక్కో వార్నిషో వేసి కాపాడేవారు. ఈ తరహా పనిలో నునుపైన లోతు ఉంటుంది. వెలుగులోకి తిప్పితే నలుపు కింద ఎర్రని గోధుమఛాయ తొంగిచూస్తుంది. సాధారణ కొనుగోలుదారు దాన్ని మురికి అనుకుని పొరబడి తోమేస్తాడు. అసలు పూతలు అధికంగా నాశనమైంది ఇలాగే.

రెండోది, ఎక్కువగా వాడినది, జపాన్ నలుపు. తూర్పు ఆసియా లక్కపనిని అనుకరిస్తూ ఐరోపాలో పుట్టిన పద్ధతి ఇది. వేల్స్‌లోని పాంటిపూల్, ఇంగ్లండ్‌లోని బిల్‌స్టన్, ఊల్వర్‌హాంప్టన్ పట్టణాలు 18వ శతాబ్దంలోనే ఈ పనికి ప్రసిద్ధి. సహజంగా దొరికే తారును అవిసెనూనెతో ఉడికించి, టర్పెంటైన్‌తో పలుచబరచి వస్తువుకు పూసి, కొలిమిలాంటి పెద్ద ఓవెన్‌లో గంటల తరబడి కాల్చేవారు. ఒక పొర కాలాక మరో పొర వేసేవారు. అమెరికాలో ఈ నలుపుకు ప్రాణం ఉటా రాష్ట్రంలోని యుయింటా లోయలో తవ్వితీసే గిల్సొనైట్ అనే గట్టి తారు. ఫోర్డ్ మోడల్ టి కార్లను ఏళ్లపాటు నల్లగా నిలిపింది కూడా ఇదే కుటుంబానికి చెందిన పూత.

కాల్చిన జపాన్ నలుపు గాజులా గట్టిగా ఉంటుంది. దెబ్బ తగిలితే సాగదు, పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు అంచును భూతద్దంలో చూస్తే పూత ఎన్ని పొరలో తెలుస్తుంది. తారు పలుచని పొరలో నల్లగా ఉండదు, ముదురు గోధుమరంగులో ఉంటుంది. కనుక అంచుల మీద పూత అరిగిన చోట నలుపుకూ ఇత్తడికీ నడుమ సన్నని కాఫీరంగు చారిక కనిపిస్తుంది. ఇప్పటి డబ్బా స్ప్రే రంగుకు అది ఉండదు. పైగా స్ప్రే రంగు నారింజతొక్కలా చిన్న గుంటలతో ఆరుతుంది, స్క్రూ తలల మీద, మరల సందుల్లో కూడా పడుతుంది. భాగాలను విడిగా కాల్చి తర్వాత బిగించిన పాత ఫోన్‌లో స్క్రూ గాడిలో రంగు నిండి ఉండడం అరుదు.

బ్రిటన్‌లో కథ కొంచెం వేరు. 1911 చివరి రోజుతో నేషనల్ టెలిఫోన్ కంపెనీ వ్యవస్థ అంతా పోస్టాఫీసు చేతికి వచ్చింది. 1924లో పోస్టాఫీసు ప్రవేశపెట్టిన 150వ నంబరు ఫోన్ అక్కడి క్యాండిల్‌స్టిక్‌లలో ఎక్కువమందికి తెలిసినది. అది కూడా నల్లనిదే. నేడు లండన్ పాతసామాన్ల వీధుల్లో పసుపు మెరుపుతో కనిపించే 150లు నలుపు ఒలిచినవి. 1929లో బేకలైట్‌తో చేసిన 162వ నంబరు ఫోన్ రావడంతో కొత్త ఫోన్లకు పైపూత అవసరమే తగ్గిపోయింది. రంగు పదార్థంలోనే కలిసిపోయింది.

యుద్ధం, ఉక్కు

మొదటి ప్రపంచయుద్ధం ఈ పరిశ్రమను ముడిసరుకు వైపు నుంచి తాకింది. తూటాల తొడుగులకు రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు ఉన్న ఇత్తడి కావాలి. యుద్ధనౌకల కవచపు ఉక్కుకు నికెల్ కావాలి. టెలిఫోన్ స్టాండుకు కావలసిన రెండు లోహాలూ ఒక్కసారే సైన్యానికి అవసరమయ్యాయి. ఆ తర్వాతి కాలపు స్టాండ్లలో ఉక్కు భాగాలు కనిపిస్తాయి. ఉక్కుకు నల్లని జపాన్ పూత తప్పనిసరి, లేకపోతే తుప్పు తినేస్తుంది. అలా నలుపు ఇంకా స్థిరపడింది. అయస్కాంతం పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. నికెల్ కూడా అయస్కాంతానికి ఆకర్షితమయ్యే లోహమే అయినా పలుచని పూత లాగుడు చేతికి తెలియదు. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే లోపల ఉక్కు ఉన్నట్టే. అంతమాత్రాన అది నకిలీ అనడం తొందరపాటు.

ఒకదానిమీద మరొకటి

బెల్ వ్యవస్థలో ఫోన్ వాడుకరి సొత్తు కాదు. అద్దెకిచ్చిన వస్తువు. చందా మానేస్తే కంపెనీ తీసుకెళ్లి, శుభ్రం చేసి, పాడైన భాగాలు మార్చి, పూత మళ్లీ వేసి మరో ఇంటికి ఇచ్చేది. అందువల్ల 1905 నాటి కాడ, 1915 నాటి ట్రాన్స్‌మిటర్, ఇంకా తర్వాతి రిసీవర్ ఒకే ఫోన్‌లో కలిసి ఉండడం మామూలు. స్టాండు మీద ముద్రించిన పేటెంట్ తేదీలను చూసి వయసు కట్టేవారు ఈ సంగతి మరవకూడదు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ స్టాండ్ల మీద 1904 నుంచి 1918 దాకా పేటెంట్ తేదీలు కనిపిస్తాయి. చివరి తేదీ ఆ భాగం అంతకుముందు తయారు కాలేదని మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత ఎన్నేళ్లకు తయారైందో చెప్పదు.

మరమ్మతు గదుల పని వల్ల నలుపు కింద నికెల్ దొరుకుతుంది. పాత నికెల్ స్టాండు అరిగిపోయి తిరిగొచ్చినప్పుడు దానికి మళ్లీ నికెల్ వేయడం కంటే కాలానికి తగ్గ నలుపు పూయడం తేలిక. ఇలాంటి ఫోన్ దొరికినప్పుడు పునరుద్ధరణ చేసేవారి ముందు చిక్కు ప్రశ్న నిలుస్తుంది. ఏది అసలుది? పుట్టినప్పటి నికెలా, కంపెనీ చేతుల మీదుగా వచ్చిన నలుపా? నలుపు తీసేసి నికెల్ బయటపెట్టాలని చాలామంది ఉబలాటపడతారు. ఆ ఫోన్ తన జీవితంలో ఎక్కువ కాలం బహుశా నల్లగానే మోగి ఉంటుంది. కంపెనీ వేసిన నలుపు కూడా చరిత్రే. దాన్ని ఒలిస్తే 1900ల తొలినాటి ఫోన్ తిరిగిరాదు, అరిగిన నికెల్ ఉన్న ఒక అసంపూర్ణ వస్తువు మాత్రమే మిగులుతుంది. కాబట్టి కంపెనీ వేసిన నలుపు నిలకడగా ఉంటే దాన్ని ఉండనివ్వడమే సరైన పని. తర్వాతి యజమాని ఇంట్లో పూసిన ఎనామెల్ రంగుకు మాత్రం ఆ గౌరవం అక్కర్లేదు.

1927లో బెల్ వ్యవస్థ రిసీవర్, ట్రాన్స్‌మిటర్ ఒకే చేతిపిడిలో ఉన్న ఫోన్లను చందాదార్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కొత్త ఫోన్లకు నలుపుతోపాటు పాత ఇత్తడి, విగ్రహపు కంచు, ఆక్సీకరించిన వెండి, ముదురు బంగారం లాంటి పేర్లతో అలంకార పూతలు కూడా దొరికాయి. క్యాండిల్‌స్టిక్‌లు వెనక్కి వెళ్లాయి. తర్వాతి దశాబ్దాల్లో వాటిని చాలామంది బల్లదీపాలుగా మార్చారు. కాడ గుండా కరెంటు తీగ లాగి, తలమీద బల్బు పెట్టి, పైనున్నదంతా ఒలిచి ఇత్తడిని మెరిపించారు. పసుపు ఇత్తడే అసలు రూపమనే భ్రమకు ఆ దీపాలు బాగా దోహదపడ్డాయి.

ఇత్తడికి మనదేశంలో తేలిన జబ్బు

సేకరణకారులను భయపెట్టే నష్టం ఒకటి ఉంది. ఏ దెబ్బా తగలకుండానే పీఠం అంచున పొడుగాటి చీలిక రావడం. ఈ జబ్బు బ్రిటిష్ సైన్యం భారతదేశంలో ఉన్నప్పుడు బాగా వెలుగులోకి వచ్చింది. వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిలవ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతట అవే చీలేవి. వానలు పడే కాలంలో వస్తుంది కనుక సైన్యం దాన్ని రుతువుకు ముడిపెట్టి పేరు పెట్టింది. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, లోహాన్ని చల్లగా సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి ఇత్తడిని చీలుస్తాయని 1921లో లోహశాస్త్రవేత్తలు వివరించారు. టెలిఫోన్ పీఠం, కాడ కూడా చల్లగా ఒత్తి, లాగి చేసినవే. అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్ వాటికి రెండు విధాల ప్రమాదకరం. పైపూతను తినేస్తుంది, లోపలి లోహాన్ని చీల్చగలదు.

మన ఇళ్లలో ఇత్తడి సామాను చింతపండుతో తోమడం తరాల అలవాటు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడును కరిగించి లోహాన్ని తళుక్కుమనిపిస్తుంది. బిందెకూ పళ్లేనికీ అది మంచిదే. రాగి కార్బొనేట్ ద్రావణంతో నల్లబరచిన స్టాండుకు తగిలితే మాత్రం ఆ నలుపే రాగి ఆక్సైడు కనుక నిమిషాల్లో కొట్టుకుపోతుంది. నిమ్మరసం, వెనిగర్, ఉక్కుపీచు కూడా అంతే.

అసలు పూతను నిలబెట్టాలంటే చేయాల్సింది తక్కువ. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, కొద్దిగా తడిపిన నూలుగుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. ఆ పైన మ్యూజియంలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా పట్టించాలి. ఎబొనైట్ భాగాలను మాత్రం నీటికి, ఎండకు దూరంగా ఉంచాలి. వెలుతురు తగిలితే ఎబొనైట్‌లోని గంధకం బయటికొచ్చి పైపొరను ఆకుపచ్చ గోధుమరంగులోకి మారుస్తుంది, తేమతో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. రిసీవర్ చివర్లలోని ఇత్తడి మిగతాదానికంటే ముందే తినబడడానికి ఆ ఆమ్లం కూడా కారణమే.

కొత్తగా చేసినవి

ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్, ఉత్తరాఖండ్‌లోని రూర్కీ ప్రాంతాల కార్ఖానాల్లో అలంకారానికి క్యాండిల్‌స్టిక్ ఫోన్లు ఈనాటికీ తయారై, దేశంలోనూ విదేశాల్లోనూ అమ్ముడవుతున్నాయి. హైదరాబాద్, విజయవాడ హస్తకళల దుకాణాల్లో పాతవిగా చూపించే పసుపు ఫోన్లలో చాలావరకు ఈ కోవకు చెందినవే. అవి హస్తకళగా మంచి వస్తువులు. పాతవిగా అమ్మితేనే మోసం. గుర్తుపట్టడం కష్టం కాదు. వీటి పీఠం తరచు పోత పోసినది, లోపలి వైపు ఇసుక అచ్చు గరుకుదనం ఉంటుంది. అసలు పీఠం పలుచని రేకు కనుక లోపల లేత్ మీద ఒత్తిన సన్నని వలయాలు కనిపిస్తాయి. ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూ కనిపిస్తే ఆలోచించనక్కర్లేదు, ఆ రకం స్క్రూలు పరిశ్రమలోకి వచ్చింది 1930ల మధ్యలో.

పూత దగ్గర తేడా ఇంకా స్పష్టం. కొత్తవాటికి ఫెల్టు కింద, వెనక గిన్నె లోపల, మరల సందుల్లో అంతటా ఒకే పసుపు. నిజంగా 1910ల నాటి స్టాండును, ఎవరు ఎంత తోమినా, విప్పి చూస్తే ఫెల్టు వెనకో, పళ్లెం లోపలి అంచునో, స్క్రూ బిగించిన చోట చుట్టూతానో కొంచెం నికెల్ తెలుపో జపాన్ నలుపో మిగిలే ఉంటుంది. మళ్లీ పూత వేయించాలని ఎవరైనా నిర్ణయించుకుంటే ముందుగా వెతకాల్సింది ఆ మిగులునే. ఏ పూత వేయాలో, ఎంత మెరుపు ఉండాలో అదే చెబుతుంది. ఆ ముక్కను మాత్రం తాకకుండా అలాగే వదిలేయాలి.